మిల్లుల వాడలో బీహారీ కుటుంబాలు: రేషన్, బడి, ఛఠ్ పూజ

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్క వాడ మాది. ఇదివరకు బీహార్ హమాలీలు ఒంటరిగా వచ్చి సీజన్ కాంగనే పోయేటోళ్లు. ఇప్పుడు ఆలుపిల్లలను తోలుకొచ్చుకొని కిరాయికుంటున్నరు. రేషన్ అక్కడే ఉంది, పిల్లలు బడికి పోతలేరు. దీపావళి తర్వాత పూజకు చెరువు చూపమంటున్నరు. వాడోళ్లం ఏం చేయాలె?

జవాబు 1: కొత్త కార్డు అక్కర్లేదన్నా. బీహార్ కార్డుతోనే ఇక్కడి ఏ రేషన్ షాపులోనైనా కేంద్రం కోటా, మనిషికి 5 కిలోలు, ఉచితంగా వస్తది. అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. కార్డు నంబరు, ఆధార్ తీసుకుపోతే చాలు. ఊర్లో అమ్మానాన్న కొంత తీసుకుంటే మిగిలింది ఇక్కడ తీసుకోవచ్చు. చిక్కంతా వేలిముద్రతోనే. ఏండ్లకేండ్లు గోనెసంచులు మోసిన వేళ్ల గీతలు అరిగిపోతయి, మిషన్ పట్టదు. అప్పుడు కార్డులో పేరున్న భార్యను పంపాలె, లేదా ఐరిస్ (కంటిపాప స్కాన్) అడగాలె. రేషన్ కార్డుకు ఆధార్ లింకు కాకపోతే మాత్రం ఇక్కడ ఏమీ కాదు, బీహార్‌లోనే చేయించుకోవాలె. నెల మొదట్లనే పొమ్మనండి, స్టాకు అయిపోతే డీలర్ ఏం చేయలేడు.

జవాబు 2: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏండ్ల పిల్లలను టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని ఆపొద్దు. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలె. వెనకబడ్డోళ్లకు కనీసం మూడు నెలల ప్రత్యేక శిక్షణ ఉంటది. ఇంకో మాట, చాలామంది ఇంట్ల మాట్లాడేది మైథిలీ, భోజ్‌పురి. హిందీ చెప్తే అయిపోతదనుకోవద్దు.

జవాబు 3: ఛఠ్ కార్తీక శుద్ధ షష్ఠికి, అంటే దీపావళి తర్వాత ఆరో రోజుకు వస్తది. నాలుగు దినాల పండుగ. రెండో రోజు రాత్రి బెల్లం పాయసం తిన్నంక దాదాపు 36 గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. మూడో రోజు పొద్దుగూకేటప్పుడు, నాలుగో రోజు పొద్దు పొడిచేటప్పుడు నడుం లోతు నీళ్లల్ల నిలబడి అర్ఘ్యం ఇస్తరు. అంత ఉపవాసం మీద కండ్లు తిరగొచ్చు. అందుకే సాగర్ ఎడమ కాల్వ వద్దే వద్దు: సిమెంటు గోడకు పాకురు, కాలు జారితే పట్టుకోను ఏమీ ఉండదు, నీళ్లు లాక్కపోతయి. బతుకమ్మలు వేసే చెరువు మెట్లే మంచిది. సద్దుల బతుకమ్మకు పెట్టిన లైట్లు నెల రోజులు తీయకుండ ఉంచమని మున్సిపాలిటీకి ముందే దరఖాస్తు ఇయ్యండి. నడుం లోతు దగ్గర కట్టెలు పాతి తాడు కట్టాలె. తెల్లారుజామున నాలుగు గంటలకే లైట్లు వెలగాలె. అర్ఘ్యానికి కొత్త వెదురు చేటలు, గంపలు కావాలె, ప్లాస్టిక్‌వి పనికిరావు. మేదరోళ్లకు పదిహేను దినాల ముందే చెప్పండి, అప్పటికప్పుడంటే దొరకవు.