ఎనభై దాటాక ఇళయరాజా లైవ్ షో: టికెట్టు డబ్బులు గిట్టుబాటేనా?

నల్లమెట్టు (ప్రశ్న; కింది జవాబుల పైన ఉన్నవి రాసినవాళ్ళ మారుపేర్లు)

రాజాగారు పుట్టింది 1943లో. బాలుగారు 2020లో వెళ్ళిపోయారు. జానకిగారు 2017 అక్టోబర్‌లో మైసూరు కచేరీతో వేదిక చాలించుకున్నారు. అంటే ఆ రోజుల పాటల్లో అసలు గొంతులు చాలావరకు లేవు. రాజాగారి గొంతు కూడా యూట్యూబ్ క్లిప్పుల్లో వింటే పైకి వెళ్ళేసరికి జీర పోతోంది. ముందు వరసల రేట్లు చూస్తే గుండె గుభేలుమంటోంది.

ఈసారి హైదరాబాద్‌లో షో ప్రకటిస్తే ఇంట్లో నలుగురం వెళ్ళాలా, లేక ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కుని పాత రికార్డింగులే వినాలా? నాన్నకు మోకాళ్ళ నొప్పులు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. "ఆయన్ని కళ్ళారా చూడటమే అదృష్టం" లాంటి జవాబులు వద్దు. చెవికి ఏం దక్కుతుంది, ఎక్కడ తేడా కొడుతుంది, ఏ సీటు కొనాలి, అది చెప్పండి చాలు.

పక్కవాద్యం

ముందు గొంతు సంగతి తేల్చుకుందాం. వయసు మీదపడ్డాక స్వరతంత్రులు పలచబడతాయి, సాగే గుణం తగ్గుతుంది, రెండూ కలిసినప్పుడు మధ్యలో చిన్న సందు మిగులుతుంది. గాలి అందులోంచి కారిపోతుంది. మీరు జీర అంటున్నది దాన్నే. ఊపిరితిత్తుల్లో పట్టే గాలీ తగ్గుతుంది కాబట్టి ఒక్క ఊపిరిలో పల్లవి ముగించే మనిషి నడిమధ్యలో ఆగాల్సి వస్తుంది. నిలిపిన స్వరం నిలబడకుండా ఊగుతుంది. ముందు పోయేది తారస్థాయి, తర్వాత వేగం. లయ, పలుకు, ఎక్కడ ఎంతసేపు నిలవాలన్న ఒడుపు మాత్రం చివరిదాకా ఉంటాయి.

అందుకే గాయకుడి కచేరీకీ స్వరకర్త కచేరీకీ లెక్క వేరు. పెద్ద వయసు గాయకుడి కర్ణాటక కచేరీలో పై స్థాయి వచ్చినప్పుడు వెనక కూర్చున్న శిష్యుడు అందుకుంటాడు, ఖాళీలు వయొలిన్ నింపుతుంది. మనం వినాల్సింది ఆయన ఎంచుకున్న మార్గం, గొంతు కాదు. బాలమురళిగారు ఎనభై ఏళ్ళు దాటాక పాడిన కచేరీలకు జనం వెళ్ళింది అందుకే.

రాజాగారి విషయంలో ఆ ఇబ్బంది కూడా లేదు. ఆయన అసలు వాయిద్యం ఆర్కెస్ట్రా. ప్రతి వాద్యానికీ విడిగా స్వరం రాసి కాగితం చేతికిస్తారు. కాగితానికి వయసు రాదు. 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీ వాయించినప్పుడు అక్కడి వాద్యకారులకు అందింది కూడా ఆ రాతే.

"మరి అన్ని పాటలూ శ్రుతి తగ్గించి ఆయనే పాడొచ్చుగా, కుర్ర గొంతులెందుకు" అని చాలామంది అడుగుతారు. కీబోర్డుకైతే ఒక బటన్ నొక్కితే శ్రుతి దిగిపోతుంది. మిగతా వాద్యాలకు అంత సులువు కాదు. వేణువు విద్వాంసుడు వేరే శ్రుతి వేణువు తీయాలి. గిటారుకు కాపో (తీగలను నొక్కిపట్టే క్లిప్పు) పెడితే శ్రుతి పెరుగుతుంది తప్ప తగ్గదు, తీగలు సడలించాలి, లేదా వేళ్ళ పట్లు మార్చుకోవాలి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింద ఉండే స్వరం 'ఈ' (పాశ్చాత్య స్వరం E). 'ఈ' శ్రుతిలో ఉన్న పాటను 'డీ'కి (D) దించితే ఆ కింది స్వరం ఇక దొరకదు, అయిదు తీగల బేస్ కావాలి. వయొలిన్‌కు 'జీ' (G) కన్నా కింద ఏమీ లేదు. ఆయన రాసిన వరస ఆ జీని తాకుతూ ఉంటే, శ్రుతి తగ్గించగానే ఆ ముక్కను ఒక స్థాయి పైకి మార్చి వాయించాలి. గుబులుగా వినిపించాల్సింది కీచుమంటుంది. ఆర్కెస్ట్రాను అసలు శ్రుతిలో ఉంచాలంటే ఆ శ్రుతి అందుకునే గొంతును తెచ్చుకోవడమే దారి. ఆయన తన గొంతుకు సరిపడే కొన్ని పాటలే ఉంచుకుంటారు.

ఫేడర్

పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. దాన్నిబట్టి సీటు ఎంచుకోండి. ముందు వరసలు కొనకండి, అది ఫొటోల కోసం కొనే సీటు.

ఎందుకంటే పెద్ద షోలో ప్రధాన స్పీకర్లు వేదికకు రెండు పక్కలా ఎత్తులో వేలాడుతుంటాయి, వాటి గురి మధ్యలోనూ వెనకా ఉన్న జనం మీద. సబ్‌వూఫర్లు (బేస్ కోసం ఉండే పెద్ద స్పీకర్లు) మాత్రం వేదిక ముందు నేల మీద ఉంటాయి. మొదటి పది వరసలకు పైనుంచి రావాల్సిన వయొలిన్లు తలమీంచి పోతాయి, కిందినుంచి బేస్, కిక్ డ్రమ్ ఛాతీకి కొడతాయి. వేదిక అంచున చిన్న స్పీకర్లు పెట్టి ఆ లోటు పూడ్చాలని చూస్తారు, కానీ వాటిలో వచ్చేది ఎక్కువగా గొంతులే. రాజాగారి పాటలో ప్రాణమంతా ఇంటర్లూడ్లలో (పల్లవికీ చరణాలకూ మధ్య వచ్చే వాద్యాల ముక్కల్లో), అందులోనూ తీగవాద్యాల్లో. ఎక్కువ డబ్బు పోసి సరిగ్గా అదే పోగొట్టుకుంటారు.

మిక్సింగ్ కన్సోల్ (గొంతులనూ వాద్యాలనూ కలిపి హెచ్చుతగ్గులు సరిచేసే బల్ల) ఎక్కడుందో చూడండి. మైదానం మధ్యలో చిన్న పందిరి కట్టి ఉంటుంది. ఇంజనీరు సమతూకం చూసుకునేది తన చెవికి వినిపించేదాన్నిబట్టే కదా. ఆ పందిరికి ముందు నాలుగైదు వరసలు, మధ్యగీతకు అటూ ఇటూ పది సీట్లు, అవే షోలో మంచి సీట్లు. చాలాసార్లు అవి రెండో రేటులోనో మూడో రేటులోనో ఉంటాయి. బుకింగ్ మ్యాపులో కన్సోల్ గుర్తు ఉండదు, నిర్వాహకులకు ఫోన్ చేసి అడగండి, చెబుతారు. మరీ పక్కలకు వెళితే ఒకవైపు స్పీకరే వినిపిస్తుంది. ఎడమ వయొలిన్లూ కుడి వేణువూ ఒకదానికొకటి బదులిచ్చుకునే ముచ్చట పోతుంది.

వెనక గ్యాలరీ అయితే ఇంకో తంటా. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. వంద మీటర్ల వెనక కూర్చుంటే తెరమీద పెదవి కదిలిన దాదాపు మూడో వంతు సెకనుకు గానీ పాట చేరదు. మధ్యలో అదనపు స్పీకర్ల స్తంభాలు పెట్టి ఆలస్యం సరిచేస్తే శబ్దం శుభ్రంగానే వస్తుంది, బొమ్మకూ పాటకూ తేడా మాత్రం పూర్తిగా పోదు. బయట మైదానంలో గాలి అడ్డంగా వీచిందంటే వయొలిన్ల మెరుపు అటూ ఇటూ కొట్టుకుపోతుంది, బేస్‌కు ఏమీ కాదు.

రెండు వేదికల్లో ఎంచుకునే వీలుంటే స్టేడియం కన్నా లోపలి హాలు. శిల్పకళావేదిక లాంటి రెండున్నర వేల సీట్ల హాల్లో బాల్కనీ మొదటి వరసలు కూడా బాగుంటాయి. బాల్కనీ కిందికి చొచ్చుకుపోయిన వెనక సీట్లు వద్దు, అక్కడ శబ్దం డొల్లగా ఉంటుంది.

గేట్ నంబర్ మూడు

టికెట్టు కొనేముందు పోస్టర్ రెండుసార్లు చదవండి. "ఇళయరాజా హిట్స్", "రాజా మ్యూజికల్ నైట్" అని ఆయన ఫొటో పెద్దగా వేసి ఉన్నంత మాత్రాన ఆయన వస్తున్నట్టు కాదు. ఆయన పాటలు వేరే ట్రూప్ పాడుతుంది, అంతే. ఆయన పేరు పక్కన "లైవ్" ఉందా, ఆయన సొంత పేజీలో అదే తేదీ ఉందా చూసుకోండి. పాత తరం గాయనీమణుల విషయంలో ఇంకో రకం ఉంది. "ముఖ్య అతిథి" అని ఉంటే శాలువా, జ్ఞాపిక, రెండు మాటలు, జనం గోల చేస్తే పల్లవి రెండు లైన్లు. అది సన్మానసభ. తప్పని అనడం లేదు, కచేరీ అనుకుని వెళ్ళకండి.

టైమింగ్. పోస్టర్ మీద ఆరున్నర ఉంటే ఏడు దాటాకే మొదలవ్వచ్చు. కానీ ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 గంటల హద్దు ఉంది, 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లోది. ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, ప్రతి షోకీ అది దొరకదు. ఆలస్యమైన గంటకు కోత పడేది చివరి పాటలకే. జనం ఎదురుచూసే పాటలన్నీ చివరికి దాచుకుంటే అవే ఎగిరిపోతాయి, లేదా రెండు చరణాల్లో ఒకటే వస్తుంది.

అలాగని ఆలస్యంగా వెళ్ళకండి. చాలా కచేరీల్లో మొదటి పాట ఆయనే హార్మోనియం ముందు పెట్టుకుని పాడే "జననీ జననీ", 1982 నాటిది, కళ్యాణి రాగం. ఆయన గొంతు అలసిపోకముందు పాడేది అదొక్కటే అనుకోండి. పార్కింగ్‌లో తిరుగుతూ దాన్ని పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

మోకాళ్ళ సంగతి. స్టేడియం మైదానంలో ప్లాస్టిక్ కుర్చీలు సమనేల మీద వేస్తారు. మెట్లు ఉండవు గానీ ముందువాళ్ళు లేచి నిలబడితే నాన్నగారికి వీపులే కనిపిస్తాయి. గ్యాలరీలో ఎత్తు ఉంటుంది, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉండకపోవచ్చు. మైదానంలో నడవ పక్క చివరి కుర్చీలు తీసుకోండి, కాలు చాపుకోవచ్చు, బాత్రూమ్‌కు లేవడానికి పదిమందిని దాటక్కర్లేదు. షో సుమారు మూడు గంటలు ఉంటుంది, చిన్న దిండు తీసుకెళ్ళండి. అయిపోయాక గచ్చిబౌలి రోడ్డు మీద క్యాబ్ కోసం నిలబెట్టకండి. కారు పార్కింగ్‌లో ఉంటే జనం ఖాళీ అయ్యేదాకా ఇరవై నిమిషాలు కుర్చీలోనే కూర్చోబెట్టడం నయం.

బేరంసారం

ఇంత శాస్త్రం అక్కర్లేదు. స్పీకర్లే కొనుక్కోండి. స్టేడియంలో వినేది ఎవరో కట్టిన మిక్స్. ఆ రోజు ఇంజనీరుకు ఆ పాటలు తెలియకపోతే డ్రమ్స్ తప్ప ఏదీ వినపడదు. దానికితోడు ట్రాకులు, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న వాద్యాలు, గొంతులు. సగం వయొలిన్లు కంప్యూటర్‌లోంచే వస్తాయి. పోనీ ఆయన తన పాటలను కొత్తగా మార్చి వాయిస్తారా అంటే అదీ లేదు, రికార్డులో ఉన్నదే వినిపిస్తారు. రికార్డు ఇంట్లో ఉంది.

ఫేడర్

ట్రాకుల గురించి మీరన్నది చాలా షోల్లో నిజమే. కనిపెట్టడం కష్టం కాదు. డ్రమ్మర్ చెవిలో మెషీన్ తాళం వినిపిస్తుంటే పాట వేగం వెంట్రుకవాసి కూడా కదలదు. వయొలిన్ల వరసను చూడండి: పదిమంది విల్లులూ ఒకే దిశలో పోతూ, ఆగగానే శబ్దమూ ఆగితే వాళ్ళే వాయిస్తున్నట్టు. విల్లు దించాక కూడా తీగవాద్యం మోగుతుంటే ట్రాకు. గాయకుడు మైకు నోటినుంచి జానెడు దూరం జరిపినా గొంతు అంతే గట్టిగా వస్తే అదీ ట్రాకే.

రాజాగారి షోలో తేడా ఏమిటంటే, ఎవరైనా తప్పు వాయిస్తే ఆయన పాట ఆపించి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిస్తారు. వేలమంది ముందు. ట్రాకు మీద నడిచే పాటలో అలా చేయరు. ఆ ఆపిన క్షణంలో ఏ వాద్యం వైపు తల తిప్పారో గమనించండి, రెండోసారి వాయించినప్పుడు ఆ వాద్యాన్నే వినండి. రికార్డులో ఏళ్ళ తరబడి విన్నా పట్టుకోని పొర ఒకటి అక్కడ తగులుతుంది. ఒక్కోసారి బేస్ మాత్రం వాయించండి, ఇప్పుడు వయొలిన్లు, ఇప్పుడు వేణువు అని విడదీసి చూపిస్తారు కూడా. ఇంటి స్పీకర్లలో దొరకనిది అది.

న్యూజెర్సీ చలి

"మార్చి వాయించరు" అన్నది లోపం ఎందుకయిందో అర్థం కాలేదు. ఇక్కడ అమెరికాలో గాయకుడు బాబ్ డిలాన్ (పుట్టింది 1941లో) షోకి వెళ్ళినవాళ్ళలో సగంమంది చరణం వచ్చేదాకా పాట ఏదో పోల్చుకోలేరు. వరసే మార్చేస్తారు. తగ్గిన గొంతుకు తగ్గట్టు పాటను మళ్ళీ కుట్టుకోవడం ఆయన పద్ధతి. పాత రికార్డు కోసం వెళితే తిట్టుకుంటూ వస్తారు. బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ (పుట్టింది 1942లో) దానికి పూర్తిగా ఎదురు, చాలా పాటలు పాత శ్రుతిలోనే ఎత్తుకుంటారు, పై స్వరాల దగ్గర గొంతు సన్నబడి వణుకుతుంది, జనం అందుకుని పాడేస్తారు. రాజాగారిది మూడో దారి: శ్రుతి మారదు, రాత మారదు, గొంతు మారుతుంది. ఎవరి దగ్గరకు వెళ్తున్నామో తెలుసుకుని వెళితే గొడవే లేదు.

పరాయి దేశాల షోల్లో ఇంకో చిక్కు. వీసాలు, విమానం ఖర్చు వల్ల ఆర్కెస్ట్రా చిన్నదైపోవచ్చు. తీగవాద్యాలు తగ్గితే ఆ ఖాళీని కీబోర్డు నింపుతుంది. టికెట్టు కొనేముందు "వాద్యకారులు ఎంతమంది, వయొలిన్లు ఎన్ని" అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే సంగతి అర్థమైనట్టే.

పెద్ద వయసు కళాకారుల షోలు వాయిదా పడటం మామూలే. వాయిదాకూ రద్దుకూ వాపసు నియమాలు వేరుగా ఉంటాయి. రద్దయితే డబ్బు తిరిగొస్తుంది, వాయిదా అయితే "అదే టికెట్టు కొత్త తేదీకి చెల్లుతుంది" అని చేతులు దులుపుకోవచ్చు. కొనేచోట ఆ ముక్క చదవండి. వేరే ఊరినుంచి వస్తుంటే హోటల్ ఉచితంగా రద్దు చేసుకునే రకం తీసుకోండి.

నల్లమెట్టు

అందరికీ థాంక్స్. అయితే కన్సోల్ ముందు నడవ పక్క సీట్లు నాలుగు, స్టేడియం అయితే మధ్య రేటు, హాలు అయితే బాల్కనీ ముందు వరస. ఒక సందేహం: బాలుగారి పాటలు వేరేవాళ్ళు పాడితే ఎలా ఉంటుందో అని ఇంట్లో భయపడుతున్నారు.

పక్కవాద్యం

బాల్కనీకి లిఫ్టు ఉందో లేదో కనుక్కున్నాకే ఆ సీట్లు కొనండి, నాన్నగారి మోకాళ్ళు గుర్తుపెట్టుకోండి.

బాలుగారి పాటల దగ్గర పోలిక తప్పదు. నవ్వునూ విరుపునూ యథాతథంగా అనుకరించే కుర్రాడు పాడితే చిరాకేస్తుంది. మనో లాంటివాళ్ళు పాడితే అంత ఇబ్బంది ఉండదు, ఆయన కూడా ఆ కాలంలో రాజాగారి దగ్గర పాడినవారే. గాయకుల జాబితాలో చిత్రగారు ఉంటే "జల్లంత కవ్వింత" లాంటివి అసలు గొంతులోనే వినొచ్చు. ఆ జాబితా షోకు కొన్ని వారాల ముందు బయటికొస్తుంది, టికెట్లు మాత్రం అంతకుముందే అమ్మకానికి పెడతారు. తొందరపడి మొదటిరోజే కొనకపోతే కొంపలేం మునగవు, మధ్య రేటు సీట్లు స్టేడియం షోల్లో అంత త్వరగా అయిపోవు. హాలు అయితే ఆగొద్దు.

వెళ్ళేముందు వారం రోజులు హెడ్‌ఫోన్లలో గీతాంజలి పాటలు వినండి, గొంతులు పక్కనపెట్టి ఇంటర్లూడ్లు మాత్రం. ఏ వాద్యం తర్వాత ఏది వస్తుందో చెవికి పట్టేస్తే, వేదిక మీద ఎటు చూడాలో ముందే తెలుస్తుంది.