అప్‌డేట్: అమ్మ మలబద్ధకం గురించి అడిగిన ప్రశ్నకు కొనసాగింపు

డెబ్బై ఒక్క ఏళ్ల మా అమ్మకు నాలుగు నెలలుగా మూడు రోజులకొకసారి మాత్రమే, అదీ సన్నగా, విరేచనం అవుతోందని, ఇది వయసు వల్లనేనా అని రెండు నెలల క్రితం అడిగాను. ఆలస్యం చేయవద్దని గట్టిగా చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు.

గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (జీర్ణకోశ వైద్యుడు) మొదట అడిగింది మందుల గురించే. అమ్మ గుడ్డసంచిలోని స్ట్రిప్పులన్నీ బల్లపై పరిస్తే, ఆయన క్యాల్షియం మాత్రలను, మోకాళ్ల నొప్పికి వాడుతున్న ట్రమడాల్‌ను పక్కకు తీసి, ఈ రెండూ మలబద్ధకం కలిగిస్తాయన్నారు. ట్రమడాల్ మొదలుపెట్టింది సరిగ్గా ఆ నాలుగు నెలల క్రితమేనని అప్పుడు గుర్తొచ్చింది. థైరాయిడ్ బాగానే ఉన్నా హిమోగ్లోబిన్ 10 మాత్రమే ఉండి రక్తహీనత బయటపడటంతో, ఈ వయసులో కొత్తగా వచ్చిన మార్పును మందుల మీదకు నెట్టి వదిలేయలేమని కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) చేయించారు.

పరీక్షకన్నా ముందురోజు సాయంత్రమే కష్టమైంది. పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన నీళ్లను స్టీలు గ్లాసుతో, ఒక్కో గ్లాసుకూ కళ్లు మూసుకుంటూ తాగింది. 8 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న కండ) ఒకటి కనిపిస్తే అప్పుడే తీసేశారు. బయాప్సీలో అడినోమా అనే రకం పాలిప్ అని వచ్చింది, క్యాన్సర్ లేదు. అయితే ఇలాంటివి ఏళ్ల తరబడి వదిలేస్తే క్యాన్సర్‌గా మారే అవకాశం ఉందట.

సిగ్గుతో ఆమె నెలల తరబడి నాకు చెప్పకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. ఇప్పుడు నొప్పి మాత్ర మార్చారు. రాత్రి ఇసబ్గోల్ (పీచు పొడి) నిండు గ్లాసు నీటితో తీసుకుంటోంది, రోజు విడిచి రోజు సాఫీగా అవుతోంది. రక్తహీనత కారణం కోసం పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి.