6వ తరగతికి చెత్త తగ్గించడం గురించి పాఠం: ఇళ్లలోని పెద్దల్నీ, వేరే దేశాల పద్ధతుల్నీ ఎలా కలపాలి?

ప్రశ్న (ఆరో తరగతి టీచర్)

32 మంది పిల్లలు, వారానికి ఒక 40 నిమిషాల పీరియడు, మొత్తం 6 వారాలు. పిల్లల ఇళ్లలో నాలుగైదు భాషలున్నాయి. ‘చెత్త తగ్గించాలి’ అని పోస్టర్లు వేయించి ఊరుకోవడం ఇష్టం లేదు. తాతయ్యలు, అమ్మమ్మలు ఏం చేసేవారో, వేరే దేశాల్లో ఏం చేస్తారో చేతులతో చేయించి చూపాలి. చివర్లో ఫలితం కొలవగలగాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1 (తూకం)

కొలవడంతోనే మొదలుపెట్టండి. మొదటి వారం ఒక రోజు తరగతి చెత్తంతా పారేయకుండా దాచండి. ఊడ్చేవాళ్లకు ముందురోజే చెప్పాలి, లేకపోతే మధ్యాహ్నానికే బుట్ట ఖాళీ అయిపోతుంది. పిల్లలకు మాత్రం ముందు చెప్పకండి. తెలిస్తే ఆ రోజు రేపర్లు జేబుల్లో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తారు, లెక్క తప్పుతుంది.

నేల మీద పాత పట్టా పరిచి, చేతులకు గ్లవ్స్ తొడిగించి ఐదు కుప్పలు చేయించండి: తిండి మిగుళ్లు, కాగితం, ప్లాస్టిక్, లోహం, మిగతావి. సీసాల్లో మిగిలిన నీళ్లు ముందే వంచేయాలి, లేదంటే నీళ్ల బరువు ప్లాస్టిక్ ఖాతాలో పడుతుంది. 10 గ్రాముల తేడా చూపే వంటింటి త్రాసు చాలు. ఖాళీ డబ్బా బరువు తీసేయడం పిల్లలు తప్పకుండా మర్చిపోతారు, బోర్డు మీద రాసి ఉంచండి.

బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. నలభై రేపర్లు కలిపినా ఒక సగం తిన్న పండంత తూగవు. అందుకే ప్లాస్టిక్‌ను తూచడంతో పాటు లెక్కపెట్టించండి కూడా. వచ్చిన సంఖ్యను ఆ రోజు హాజరైన పిల్లల సంఖ్యతో భాగించాలి. ఆరో వారం మళ్లీ తూచండి, మొదటిసారి సోమవారం అయితే ఈసారీ సోమవారమే.

జవాబు 2 (పాతగుడ్డ)

పెద్దల్ని అడిగించేటప్పుడు ప్రశ్న వస్తువు మీద ఉండాలి. ‘మీ కాలంలో పర్యావరణాన్ని ఎలా కాపాడేవారు?’ అంటే ఉపన్యాసం వస్తుంది. ‘నా వయసులో నీ సంచి తెగితే ఎవరు కుట్టేవారు, ఎన్నిసార్లు?’, ‘చెత్త ఎక్కడ పోసేవారు?’, ‘రెండోసారి వాడటం నీకు ఇష్టంలేని వస్తువు ఏది?’ అని అడగమనండి. మూడోది వదలొద్దు. చాలామంది లేమి వల్ల దాచుకున్నారు, ఆదర్శం వల్ల కాదు. ఆ మాట దాచిపెడితే ఇప్పుడూ అలాగే బతుకుతున్న ఇంటి పిల్లలు తరగతిలో తలవంచుకుంటారు. ఇంట్లో పెద్దలు లేని పిల్లలు పక్కింటివాళ్లనో, బడి ఆయానో అడగవచ్చు.

ఒక పీరియడు మాటలకు కేటాయించండి. జపనీయులు ‘మొత్తైనై’ అంటారు. వస్తువు విలువ తెలియకుండా పారేస్తున్నప్పుడు కలిగే బాధ అది. 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న కెన్యా వంగారి మాథాయ్ 2005లో జపాన్‌లో ఈ మాట విని ప్రపంచమంతా ప్రచారం చేశారు. అరబిక్, ఉర్దూలలో ‘ఇస్రాఫ్’ ఉంది, అంటే అవసరానికి మించి వాడటం. మన ‘దుబారా’ డబ్బు వైపే మొగ్గుతుంది. ప్రతి పిల్లా తన ఇంటి మాట తెచ్చి, అది దేనికి వర్తిస్తుందో ఒక వాక్యంలో చెప్పాలి.

చేతిపనికి జపాన్ ‘ఫురోషికి’ బాగుంటుంది. చదరపు గుడ్డతో మూటకట్టడమే. 70 సెంటీమీటర్ల గుడ్డకు మూల నుంచి ఎదురు మూలకు సుమారు 99 వస్తుంది, అందులో మూడో వంతు పొడవున్న వస్తువు దాకా హాయిగా కట్టవచ్చు. టేపుతో పిల్లలే కొలవాలి. ఎడమ కొన కుడి కొన మీదుగా ఒక ముడి, తర్వాత కుడి కొన ఎడమ కొన మీదుగా ఇంకొకటి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే ముడి జారిపోయి పుస్తకాలు కిందపడతాయి. సరిగ్గా పడితే కొనలు రెండూ ముడికి అటూ ఇటూ పడుకుంటాయి, తప్పుపడితే ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తాయి.

సూది పట్టగల పిల్లలకు బెంగాల్ కాంథా చూపండి: పాత చీరలను పొరలుగా పరిచి సాదా కుట్టు వేయడం. రంగు దారం కూడా పాత చీర అంచుల్లోంచే లాగేవారు.

జవాబు 3 (కంపోస్టు డబ్బా)

జపాన్‌లోని కమికత్సు ఊరు కూడా చెప్పండి. 2003లో చెత్త లేని ఊరు కావాలని తీర్మానించుకుంది, అక్కడివాళ్లు చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు. మీ ఐదు కుప్పలకే పీరియడు సరిపోకపోతే, వేరుచేయడం కన్నా తేకపోవడమే తేలికని పిల్లలకు చెప్పకుండానే అర్థమవుతుంది.

కంపోస్టుకు 2 లీటర్ల సీసా పై భాగం కోసి, అడుగునా పక్కలా 15–20 చిన్న రంధ్రాలు పెట్టండి. అడుగున ఎండాకులు 3 సెంటీమీటర్లు, ఆపైన ఒక పాలు పచ్చి తొక్కలకు రెండు పాళ్లు ఎండాకులు, గుప్పెడు తోట మట్టి. ముక్కలు 2 సెంటీమీటర్లు దాటకూడదు. తడి పిండిన గుడ్డంత ఉండాలి. ఘాటు వాసన వస్తే పచ్చిది ఎక్కువైంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి ఆడటం లేదు. రెండింటికీ ఎండాకులు కలిపి తిప్పాలి. నూనె, పాలు, మాంసం వేయొద్దు.

చిన్న సీసాలో వేడి నిలవదు కాబట్టి 6 వారాల్లో పూర్తి ఎరువు కాదు. ఆ మాట మొదటే చెప్పండి. వారం వారం మట్టం గీత గీయిస్తే, అది దిగడం పిల్లలు కళ్లారా చూస్తారు.

ఆరో తరగతి టీచర్

ఇద్దరు పెద్దవాళ్లు ‘చెత్తంతా పెరట్లో కాల్చేసేవాళ్లం’ అని చెప్పారట. అది ఎలా తీసుకోవాలి?

జవాబు 4 (పాతగుడ్డ)

అలాగే రాయించండి. అప్పుడు కుప్పలో ఉన్నవి ఆకులు, కాగితం, పాతబట్టలు. అలవాటు మారలేదు, కుప్పలోని సరుకు మారింది. పీవీసీ లాంటి ప్లాస్టిక్ కలిసిన చెత్తను పెరట్లో మండిస్తే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. మూడు గడుల చార్టు వేయించండి: అలవాటు, అప్పటి వస్తువు, ఇప్పటి వస్తువు. కాల్చడంతో పాటు గోతిలో పూడ్చడం, పశువులకు పెట్టడం కూడా అందులో చేర్చండి. ఏ గడిలో జవాబు మారిందో పిల్లలే ఎర్ర పెన్సిలుతో చుట్టాలి. ఆ చార్టును అదే పిల్లలు మళ్లీ ఇంటికి తీసుకెళ్లి, చెప్పిన పెద్దలకు చూపించనివ్వండి.