అమెరికా నుంచి తెచ్చిన ఐఫోన్‌లో జియో సిమ్ పనిచేయట్లేదు, చిప్ వేయించమంటారా?

కొత్తపేట_కుర్రోడు:
అందరికీ నమస్తే. మా అక్క డల్లాస్ నుంచి వస్తూ తను వాడిన ఐఫోన్ 13 నాకిచ్చింది, జియో సిమ్ వేస్తే సిమ్ నాట్ సపోర్టెడ్ అని వస్తోంది, ఎయిర్‌టెల్ వేసినా అదే, వైఫై మీద మాత్రం అన్నీ బాగానే నడుస్తున్నాయి. ఇక్కడ షాపతనేమో అమెరికా ఫోనుకి మన బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు) రావు, సిమ్ కింద చిప్ పెట్టిస్తా మూడు వేలవుద్ది అంటున్నాడు. వేయించనా? ఆదివారం అక్క వెళ్లిపోద్ది, తనని అడగాల్సినవేమైనా ఉంటే ముందే చెప్పండి ప్లీజ్.

సిగ్నల్_శీను:
తమ్ముడూ చిప్ జోలికి పోకు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ ఓపెన్ చేసి కిందికి జరిపితే క్యారియర్ లాక్ అని ఉంటది. నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటే ఓపెన్ ఫోన్, సిమ్ లాక్డ్ అని ఉంటే అక్కడి కంపెనీ లాక్ వేసినట్టు. బ్యాండ్ల మాట మాత్రం తప్పు, జియో 4జీ నడిచే 3, 5, 40 బ్యాండ్లు అమెరికా ఐఫోన్ 13లో ఉన్నయి, 5జీకి ఎన్78 కూడా ఉంది. అన్‌లాక్ అయితే హాయిగా నడుస్తది.

కొత్తపేట_కుర్రోడు:
చూశా అన్నా, సిమ్ లాక్డ్ అనే ఉంది. నెలనెలా బిల్లులో కలిపి కట్టే స్కీమ్‌లో తీసుకుందంట, ఇంకా కొన్ని వాయిదాలు ఉన్నాయంటోంది.

ఇర్వింగ్_రావు:
అసలు సంగతి అదేనండి. ఇక్కడ అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీ ఏటీ అండ్ టీ అయినా టీ మొబైల్ అయినా ఫోను డబ్బులు మొత్తం తీరితేనే అన్‌లాక్ చేస్తారు. మిగిలింది ఒకేసారి కట్టేయొచ్చు, కాకపోతే ఆఫర్‌లో నెలనెలా బిల్ క్రెడిట్ (బిల్లులో తగ్గింపు) వస్తుంటే ముందే కట్టడం వల్ల అది పోవచ్చు, అక్కగారిని కస్టమర్ కేర్‌లో కనుక్కుని కట్టమనండి. తర్వాత ఫోన్‌లో *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్ తను రాసుకెళ్తే చాలు, అన్‌లాక్ రిక్వెస్ట్ అమెరికా నుంచే పెట్టొచ్చు, ఫోను వెనక్కి పంపక్కర్లేదు ఎందుకంటే లాక్ మారేది యాపిల్ సర్వర్‌లో. అప్రూవ్ అయ్యాక మీ సిమ్ వేసి వైఫైకి కలపండి, ఒక్కోసారి ఫోన్ మొత్తం ఎరేజ్ చేసి మళ్లీ సెటప్ చేయాల్సి వస్తుంది, బ్యాకప్ పెట్టుకోండి.

సిగ్నల్_శీను:
ఇంకోటి, చాలామంది మర్చిపోయేది. అక్క ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయిందా లేదా ఇవాళే చూడు, ఫైండ్ మై (పోయిన ఫోన్ వెతికే ఫీచర్) ఆన్‌లో ఉండగా ఎరేజ్ చేస్తే ఆమె పాస్‌వర్డ్ లేకుండా ఫోన్ తెరుచుకోదు, అది వేరే లాక్, నెట్‌వర్క్ కంపెనీ కూడా తీయలేదు.

మధురవాడ_మణి:
చిప్ గురించి కూడా చెప్తా. అది సిమ్‌కి అంటించే పల్చటి రేకు లాంటిది, మన సిమ్‌ని అమెరికా సిమ్ అని ఫోన్‌ని నమ్మిస్తుంది అంతే, లాక్ అలాగే ఉంటుంది, ఐఓఎస్ అప్‌డేట్ చేశాక సిగ్నల్ పోయిందంటే మళ్లీ షాపు చుట్టూ తిరగాలి. ఆ మూడు వేలు అక్క వాయిదాల్లో వేసుకోండి. ఇంకెవరైనా అక్కడి నుంచి ఐఫోన్ 14, 15 తెప్పించుకుంటుంటే అమెరికా మోడల్‌కి సిమ్ స్లాటే లేదు, ఈసిమ్ (ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈసిమ్ ఇస్తున్నాయి, కానీ ఫోన్ లాక్‌లో ఉంటే అదీ ఎక్కదు, కొనేటప్పుడే అన్‌లాక్డ్ తీసుకోమనండి.