అప్‌డేట్: బాపు చెకప్ చేయించుకున్నాడు

58 ఏళ్ల మా బాపు ఒంట్లో ఏ నొప్పీ లేదని చెకప్‌కి రానంటున్నాడు, ఎలా ఒప్పించాలని పోయిన నెల అడిగాను కదా. ‘నువ్వూ చేయించుకో, తోడు రమ్మను’ అని ఒకరు చెప్పిన మాటే పనిచేసింది.

ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తెచ్చిన రోజు రాత్రి వరంగల్‌లో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. పొద్దున చాయ్ కూడా తాగనివ్వకుండా ల్యాబ్‌కి తీసుకెళ్లాను. రక్తం ఇచ్చాక మోచేతి దగ్గర దూది ఒత్తిపట్టుకుని, ‘ఇంతేనా?’ అన్నాడు.

పరగడుపు షుగర్ 148. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.4, 6.5 దాటితే షుగర్ ఉన్నట్టే. బీపీ 160/96, రెండోసారి చూసినా తగ్గలేదు. ఇన్నాళ్లూ ఏ లక్షణమూ లేదు, అదే నన్ను భయపెట్టింది. కిడ్నీ పరీక్ష బాగానే వచ్చింది, ప్రాణం కుదుటపడింది. మందులు మొదలుపెట్టారు, కంటి రెటీనా కూడా చూపించమన్నారు.

నాకు 34 ఏళ్లే, పరగడుపు షుగర్ 108 వచ్చింది. 100 దాటితే జాగ్రత్తపడాలట.

డబ్బు గురించి అడిగినవాళ్లకు: 30 దాటినవాళ్లకు ప్రభుత్వ పీహెచ్‌సీలో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. నిన్న బాపు మా చిన్నాయనను అక్కడికే తీసుకెళ్లాడు.