రొయ్యల గుంటల ఫారంలో తప్పు ఏ బాక్సులో ఉందో చూపించడం ఎలా?

విడవలూరు_వెబ్:
నెల్లూరులో రొయ్యల మేత అమ్మే డీలర్ ఒకాయనకి అప్లికేషన్ చేస్తున్నా. ముందు (స్క్రీన్ వైపు) రియాక్ట్ హుక్ ఫామ్ అనే ఫారం లైబ్రరీ, వెనక (సర్వర్ వైపు) ఫాస్ట్‌ఏపీఐ. ఒక రైతు, ఆయన కింద రొయ్యల గుంటలు (చెరువులు), ఒక్కో గుంటకి విస్తీర్ణం, రొయ్య పిల్ల వదిలిన తేదీ, ఎంత పిల్ల వదిలారు, మళ్ళీ దాని కింద రోజువారీ మేత ఎంట్రీలు, ఇదంతా ఒకటే ఫారం. గుంటలు మూసి తెరిచే కార్డుల్లో ఉంటాయి. ఎక్కడన్నా తప్పుంటే సర్వర్ 422 (పంపిన వివరాల్లో తప్పుందనే కోడ్) ఇస్తుంది, పైన ఎర్రగా "వివరాలు సరిగా లేవు" అని వస్తుంది, అంతే. షాపులో ఎంట్రీ చేసే అమ్మాయి కార్డులన్నీ ఒక్కొక్కటే తెరిచి వెతుక్కుంటోంది, ఎదురుగా రైతు నిలబడి ఉంటాడు. తప్పు ఉన్న బాక్సు పక్కనే మెసేజ్ రావాలంటే ఏం చేయాలి?

ఒంగోలు_బ్యాకెండ్:
తమ్ముడూ, నీకు కావలసింది ఆ 422 లోనే ఉంది. డీటెయిల్ అనే జాబితా తెరిచి చూడు, ప్రతి తప్పుకీ లోక్ అని ఒక దారి ఉంటుంది: బాడీ, పాండ్స్, 2, ఫీడ్స్, 0, కేజీ. మొదటి "బాడీ" తీసేసి మిగతావాటిని చుక్కలతో కలిపితే పాండ్స్.2.ఫీడ్స్.0.కేజీ అవుతుంది, రియాక్ట్ హుక్ ఫామ్‌లో ఆ బాక్సు పేరు కూడా సరిగ్గా అదే. జాబితా మీద లూప్ తిప్పి ఒక్కోదానికీ సెట్‌ఎర్రర్ (బాక్సుకి తప్పు తగిలించే ఫంక్షన్) పిలువు. ఈ దారిని మధ్యలో ఎక్కడా పారేయొద్దు, అన్నీ కలిపి ఒకే వాక్యం చేశావంటే మళ్ళీ విడదీయలేవు. ముందువైపు జోడ్ (వివరాలు సరిచూసే లైబ్రరీ) వాడుతుంటే అక్కడా ఇంతే, ప్రతి ఇష్యూకీ పాత్ ఉంటుంది. కానీ జోడ్‌లోని ఫ్లాటెన్ ఫంక్షన్ జోలికి పోకు, అది పైవరస వరకే విడదీస్తుంది, లోపలి గుంటల తప్పులన్నీ "పాండ్స్" కింద ఒకే కుప్పగా పడతాయి.

పైడాంటిక్ (ఫాస్ట్‌ఏపీఐ లోపల వివరాలు సరిచూసేది) ఇచ్చే ఇంగ్లీషు మెసేజ్ అలాగే చూపించకు. తప్పుతో పాటు వచ్చే టైప్ చూసి తెలుగులో నువ్వే రాయి. మిస్సింగ్ అయితే "ఇది రాయలేదు", గ్రేటర్_దేన్ అయితే "సున్నా కన్నా ఎక్కువ ఉండాలి".

కావలి_ఫ్రంటెండ్:
పైన చెప్పింది సరైనదే, కానీ అంతటితో ఆ అమ్మాయి కష్టం తీరదండి, మూసి ఉన్న కార్డు లోపల మెసేజ్ ఉంటే ఎవరికి కనపడుతుంది? తప్పున్న కార్డులు ముందు తెరవండి, ఆ తర్వాతే మొదటి తప్పు బాక్సు మీదికి ఫోకస్ (కర్సర్) తీసుకెళ్ళండి. ఈ వరస తిరగబడితే ఫోకస్ ఎక్కడికీ పోదు. ఫారం పైన తప్పుల జాబితా ఒకటి పెట్టి ప్రతిదాన్నీ లింకు చేయండి, నొక్కితే ఆ బాక్సు దగ్గరికి పోవాలి. అందులో "గుంట 2" అని సర్వర్ అంకె వేయకండి, అది సున్నా నుంచి లెక్క, చూసేవాళ్ళకి అది మూడో గుంట. ఇంకా మంచిది, రైతు పిలుచుకునే పేరే వేయండి: "కాలవ పక్క గుంట, మొదటి మేత ఎంట్రీ: కేజీలు రాయలేదు".

కార్డుల కీ (రియాక్ట్ ఒక్కో కార్డుని గుర్తుపట్టే పేరు) కింద ఇండెక్స్ (వరస అంకె) పెట్టకండి, రియాక్ట్ హుక్ ఫామ్ ఇచ్చే ఫీల్డ్.ఐడీ పెట్టండి. లేకపోతే మధ్యలో గుంట తీసేసినప్పుడు ఒక గుంట అంకెలు ఇంకో గుంటలో కనపడతాయి. సేవ్ నడుస్తున్నంతసేపు కార్డు తీసేసే బటన్ ఆపండి, జవాబు వచ్చేలోపు వరస మారితే తప్పు వేరే గుంటకి అంటుకుంటుంది. ప్రతి బాక్సుకీ ఏరియా-ఇన్‌వాలిడ్, ఏరియా-డిస్క్రైబ్డ్‌బై అనే హెచ్‌టీఎంఎల్ గుర్తులు కూడా ఇవ్వండి, స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి ఎర్ర రంగు ఒక్కటీ ఏమీ చెప్పదు.

అసలు కొన్ని తప్పులు రాకుండానే చేయొచ్చు. మనవాళ్ళు లక్షన్నర పిల్లని 1,50,000 అని కామాలతో కొడతారు, నంబర్ టైప్ బాక్సు దానికి పనికిరాదు. టెక్స్ట్ బాక్సు పెట్టి ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ ఇవ్వండి, కామాలు మీరే తీసి పంపండి. విస్తీర్ణానికి ఎకరాలు, సెంట్లు రెండు బాక్సులు పెట్టండి. 2.5 అని కొడితే రెండెకరాల యాభై సెంట్లో, రెండెకరాల అయిదు సెంట్లో ఏ వాలిడేషనూ కనిపెట్టలేదు.

విడవలూరు_వెబ్:
అక్కా, అన్నా, చాలా థాంక్స్, మేత ఎంట్రీల వరకు సరిగ్గా బాక్సు పక్కనే వస్తోంది. ఒక్కటి మిగిలింది. వనామీ రకం రొయ్యకి చదరపు మీటరుకి 60 పిల్లలు దాటకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన కదా, దాన్ని పైడాంటిక్ మోడల్ వాలిడేటర్‌లో (గుంట మొత్తాన్ని కలిపి సరిచూసే ఫంక్షన్) పెట్టా. అక్కడ లోక్ పాండ్స్, 1 దగ్గరే ఆగిపోతోంది, బాక్సు పేరు లేదు.

ఒంగోలు_బ్యాకెండ్:
అది విస్తీర్ణం తప్పో పిల్ల తప్పో ఆ వాలిడేటర్‌కి తెలియదు, అందుకే గుంట దగ్గర ఆగుతుంది. దారి అంకెతో ముగిస్తే ఆ మెసేజ్ కార్డు తలమీద చూపించు, వేరే స్టేట్‌లో దాచుకో. రియాక్ట్ హుక్ ఫామ్ పాత వెర్షన్లలో పాండ్స్.1 మీదే సెట్‌ఎర్రర్ చేస్తే ఆ గుంట లోపలి బాక్సుల తప్పులు తుడిచిపెట్టుకుపోయేవి. మెసేజ్‌లో లెక్క కూడా రాయి: ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, అంటే ఎకరానికి దాదాపు 2.4 లక్షల పిల్ల. ఒక సంగతి, ఆ గుంట విడి బాక్సుల్లో తప్పుంటే ఈ వాలిడేటర్ అసలు నడవదు, అవన్నీ దిద్ది మళ్ళీ సేవ్ కొట్టాకే ఈ కొత్త తప్పు బయటపడుతుంది. ఆ అమ్మాయికి అది చిరాకు. కాబట్టి ఇదే లెక్క ముందువైపు కూడా పెట్టి, అంకె కొడుతున్నప్పుడే హెచ్చరికగా చూపించు. నా మాట వింటే సేవ్ మాత్రం ఆపొద్దు. పిల్ల ఎప్పుడో వదిలేసుంటారు, సేవ్ ఆపితే వాళ్ళు తక్కువ అంకె కొట్టేసి దాటుకుంటారు, నీ డేటాబేస్‌లో అబద్ధం మిగులుతుంది.