అభిఘాతాల (ఢీకొనడాల) లెక్కల్లో ద్రవ్యవేగ నిత్యత్వం ఎక్కడ, శక్తి నిత్యత్వం ఎక్కడ?

అన్వేషి:
అందరికీ నమస్కారం. 10 గ్రాముల తూటా సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చి, దారాలతో వేలాడుతున్న 1.99 కిలోగ్రాముల చెక్కదిమ్మెలో దిగబడి అందులోనే ఉండిపోతుంది. దిమ్మె ఎంత ఎత్తుకు లేస్తుంది? తూటా గతిజశక్తి 800 జౌళ్లు కనుక అదంతా స్థితిజశక్తిగా మారుతుందని రాస్తే ఎత్తు దాదాపు 41 మీటర్లు వస్తోంది. పుస్తకంలో ఉన్న జవాబు సుమారు 20 సెంటీమీటర్లు. పుస్తకం మొదట ద్రవ్యవేగ (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం) నిత్యత్వాన్నీ, ఆ తర్వాత శక్తి నిత్యత్వాన్నీ వాడింది గానీ ఆ క్రమానికి కారణం చెప్పలేదు. ఇలాంటి లెక్క ఎదురైనప్పుడు ఎక్కడ ఏ నియమం వాడాలో మీరంతా ఎలా నిర్ణయించుకుంటారో తెలుసుకోవాలని ఉంది.

లోలకం:
అన్వేషి గారూ, ఈ లెక్కను ఒకే ఘటనగా చూసినంతసేపూ ఈ చిక్కు విడదు. ఇందులో రెండు ఘట్టాలున్నాయి, రెండింటి కాలవ్యవధులకూ పోలికే లేదు. తూటా దిమ్మెలోకి 5 సెంటీమీటర్లు దిగిందనుకుంటే, సగటు వేగం సెకనుకు సుమారు 200 మీటర్లు కనుక, అందుకు పట్టే కాలం సెకనులో నాలుగువేలవ వంతు మాత్రమే. ఆ లోపల దిమ్మె అర మిల్లీమీటరు కూడా జరగదు, దారాలు ఇంకా నిలువుగానే ఉంటాయి, కాబట్టి క్షితిజ సమాంతర దిశలో వ్యవస్థపై బయటి బలం లేదనే చెప్పాలి. ద్రవ్యవేగం నిలిచి ఉంటుంది: 4 యూనిట్ల ద్రవ్యవేగాన్ని 2 కిలోగ్రాములతో భాగిస్తే సెకనుకు 2 మీటర్లు. అదే వ్యవధిలో చెక్క నారలు చీలుతున్నాయి, తూటా వేడెక్కుతోంది, కాబట్టి యాంత్రికశక్తి నిలిచి ఉంటుందని రాసే హక్కు మనకు లేదు.

దిమ్మె పైకి లేచే రెండో ఘట్టంలో పరిస్థితి తారుమారవుతుంది. ఇప్పుడు దారాల తన్యత, గురుత్వం రెండూ బయటి బలాలే కనుక ద్రవ్యవేగం క్షణక్షణం మారుతుంది. అయితే తన్యత ఎప్పుడూ కదలికకు లంబంగా ఉండి ఏ పనీ చేయదు, కాబట్టి యాంత్రికశక్తి నిలుస్తుంది. మిగిలిన 4 జౌళ్లతో 2 కిలోగ్రాములు 20 సెంటీమీటర్లు లేస్తాయి. 1742లో బెంజమిన్ రాబిన్స్ ఈ లెక్కనే తిరగేసి, దిమ్మె ఊగిన మేరను బట్టి తూటా వేగాన్ని కనుగొనే పద్ధతిని ప్రచురించాడు.

అందుచేత నేను వాడే నియమం కంటే ముందు రెండు విషయాలు కాగితం మీద రాసుకుంటాను: ఏయే వస్తువులు కలిసి నా వ్యవస్థ, ఏ క్షణం నుంచి ఏ క్షణం వరకు నా లెక్క. గోడకు తగిలి వెనక్కి వచ్చే బంతి విషయంలో ద్రవ్యవేగ నిత్యత్వం తప్పిపోయిందని వాదించేవారు సాధారణంగా మొదటిదాన్ని రాసుకోనివారే.

గాలిపట్టా:
లోలకం గారి మాటకు ప్రయోగశాల వైపు నుంచి కొంత చేరుస్తాను. ఎయిర్ ట్రాక్ (గాలి పొర మీద బండ్లు దాదాపు ఘర్షణ లేకుండా జారే పట్టా) మీద బండ్లను ఢీకొట్టించే ప్రయోగాన్ని విద్యార్థులతో చేయిస్తూ ఉంటాను. ద్రవ్యవేగం నిలవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒక్క చోటే పుడుతుంది. ఫోటోగేట్ కొలిచేది బండి మీద నిలబెట్టిన అట్టముక్క దాని కిరణాన్ని ఎంతసేపు అడ్డుకుందన్న కాలాన్ని మాత్రమే. అట్ట పొడవును ఆ కాలంతో భాగిస్తే వడి వస్తుంది, దిశ రాదు. తేలిక బండి బరువైన బండికి తగిలి వెనక్కి తిరిగి అదే గేటును రెండోసారి దాటినప్పుడు ఆ రీడింగుకు రుణ గుర్తు మనమే పెట్టాలి. అది పెట్టకపోతే అభిఘాతం తర్వాత ద్రవ్యవేగం పెరిగినట్టు కనిపిస్తుంది, పెరిగిందంటే అనుమానించవలసింది ప్రకృతిని కాదు, పట్టికను.

తగ్గినట్టు కనిపిస్తే గేట్ల దూరం చూడండి. గేట్లు ఢీకొనే చోటికి దూరంగా ఉన్నకొద్దీ, మధ్య దారిలో గాలి నిరోధమూ పట్టా వాలూ బయటి బలాలుగా పనిచేసే కాలం పెరుగుతుంది. వాటిని దగ్గరికి జరిపితే లెక్క బాగా కుదురుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అన్న ప్రశ్న కాగితం మీదే కాదు, పట్టా మీద కూడా ఉంటుంది.

అన్వేషి:
ఇద్దరికీ ధన్యవాదాలు. 800 జౌళ్లలో 796 పోయాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అయితే దిమ్మె చెక్కదైనా, బంకమన్నుదైనా, తూటా లోపల ఉండిపోయినంతవరకు సరిగ్గా ఆ 796 జౌళ్లే ఎందుకు పోవాలి? పదార్థపు స్వభావంతో దీనికి సంబంధమే లేదా?

గణితప్రియ:
ఈ అంశం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, దీనికి జవాబు ద్రవ్యరాశి కేంద్రంలో ఉంది. ఏ వ్యవస్థ గతిజశక్తినైనా రెండు భాగాలుగా విడదీయవచ్చు: మొత్తం ద్రవ్యరాశి ద్రవ్యరాశి కేంద్రపు వేగంతో వెళుతున్నట్టు లెక్కించిన భాగం ఒకటి, ఆ కేంద్రంతో పోల్చినప్పుడు వస్తువులకు ఉండే కదలిక భాగం రెండోది. బయటి బలం లేకపోతే ద్రవ్యరాశి కేంద్రపు వేగం మారదు, కాబట్టి మొదటి భాగాన్ని ఏ అభిఘాతమూ తాకలేదు. పోగొట్టుకోవడానికి అందుబాటులో ఉన్నది రెండో భాగమొక్కటే. రెండు వస్తువులూ అతుక్కుపోయాయంటే కేంద్రంతో పోల్చిన కదలిక సున్నా అయిందనే అర్థం, అంటే రెండో భాగం పూర్తిగా పోయింది. చెక్క అయితే నారలు చీల్చి, మన్ను అయితే ఆకారం మార్చి అది ఖర్చవుతుంది. ఖర్చు చేసే తీరు పదార్థానిది, మొత్తం మాత్రం ద్రవ్యరాశులదీ సాపేక్ష వేగానిదీ.

గాలిపట్టా గారి బండ్లతోనే సరిచూద్దాం. 0.2 కిలోగ్రాముల బండి సెకనుకు 0.6 మీటర్ల వేగంతో వచ్చి, నిలిచి ఉన్న 0.3 కిలోగ్రాముల బండికి అతుక్కుందనుకోండి. ఉమ్మడి వేగం 0.24. గతిజశక్తి 0.036 జౌళ్ల నుంచి 0.0144కు పడిపోతుంది, నష్టం 0.0216. ఇప్పుడు రెండు ద్రవ్యరాశుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించండి: 0.12 కిలోగ్రాములు. దాన్ని సాపేక్ష వేగపు వర్గంతో గుణించి సగం చేస్తే వచ్చేది అదే 0.0216.

అతుక్కోకుండా కొంత వెనక్కి తుళ్లితే, రెండో భాగం ప్రత్యావస్థాన గుణకపు (ఢీకొన్నాక విడిపోయే వేగానికీ, ముందు దగ్గరైన వేగానికీ ఉన్న నిష్పత్తి) వర్గంతో గుణించబడుతుంది. గుణకం సగమైతే నాలుగో వంతు మిగులుతుంది. పదార్థపు స్వభావం లెక్కలోకి వచ్చేది ఈ గుణకం ద్వారానే. న్యూటన్ 1687 నాటికే గోళాలను లోలకాల్లా వేలాడదీసి ఢీకొట్టించి, గాజుకు 16లో 15 వంతులు, గట్టిగా చుట్టిన ఉన్నికి 9లో 5 వంతులు అని ఈ నిష్పత్తులను నమోదు చేశాడు.

మారుపక్షం:
గణితప్రియ గారి వివరణతో ఏకీభవిస్తూనే, దాని నుంచి చాలామంది లాగే ఒక తప్పుడు ముగింపును ఆపదలచాను. అతుక్కున్నప్పుడు శక్తి అత్యధికంగా పోతుంది కనుక లక్ష్యానికి ద్రవ్యవేగం కూడా అత్యధికంగా అందుతుందని అనుకుంటారు. నిజం దీనికి వ్యతిరేకం. వచ్చిన వస్తువు వెనక్కి తుళ్లితే, ఆపడానికి కావలసిన ప్రచోదనానికి (ద్రవ్యవేగంలో మార్పుకు) తోడు వెనక్కి పంపడానికి కావలసిన ప్రచోదనం కూడా లక్ష్యం నుంచే రావాలి, కాబట్టి లక్ష్యానికి ముందుకు అందేది ఎక్కువ. 2022 సెప్టెంబరు 26న నాసా వారి డార్ట్ నౌక డైమార్ఫస్ అనే చిన్న ఖగోళ శకలాన్ని సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నప్పుడు, ఉపరితలం నుంచి రాళ్లూ ధూళీ వెనక్కి ఎగజిమ్మడం వల్ల శకలానికి అందిన ద్రవ్యవేగం నౌక తెచ్చినదానికి మూడున్నర రెట్లకు పైగా ఉందని అంచనా వేశారు. నౌక తిరిగి రాలేదు, అక్కడే నాశనమైంది. వెనక్కి వెళ్లినది శకలపు పదార్థమే.

ఇక నాకొక సందేహం. వరుసగా వేలాడే ఉక్కు గోళాల బొమ్మలో ఒక గోళాన్ని వదిలితే అవతల ఒకటే లేవడానికి ద్రవ్యవేగ, శక్తి నియమాలు రెండూ చాలునని అంతటా రాస్తారు. మూడు సమాన గోళాలు తీసుకోండి. మొదటిది వేగంలో మూడో వంతుతో వెనక్కి వచ్చి, మిగిలిన రెండూ మూడింట రెండు వంతుల వేగంతో ముందుకు వెళ్తే కూడా రెండు నియమాలూ సరిపోతాయి. అలా ఎందుకు జరగదు?

లోలకం:
మారుపక్షం గారి లెక్క సరైనదే: ద్రవ్యవేగానికి మూడింట నాలుగులోంచి మూడో వంతు పోతే ఒకటి, శక్తికి తొమ్మిదో వంతులు ఒకటీ నాలుగూ నాలుగూ కలిస్తే ఒకటి. తెలియని వేగాలు మూడు, సమీకరణాలు రెండే, కాబట్టి ఆ రెండు నియమాలే చాలునని రాయడం తొందరపాటు. గోళాల మధ్య కొద్దిపాటి సందు ఉంటే, అభిఘాతం ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి జరిగే రెండు. ప్రతిదానిలోనూ పాల్గొనేవి రెండే గోళాలు, సమాన ద్రవ్యరాశులు వేగాలను మార్చుకుంటాయి, చివరిదే కదులుతుంది. నిజంగా ఆనుకుని ఉన్న గోళాల్లో పరిస్థితి ఇంత శుభ్రంగా ఉండదు, మధ్య గోళాలు కూడా కొంచెం కదలడం జాగ్రత్తగా చూస్తే కనిపిస్తుంది.

గాలిపట్టా:
ఆ రెండో సమాధానాన్ని కూడా కళ్లారా చూడవచ్చు. స్ప్రింగు తగిలించిన మూడు సమాన బండ్లు తీసుకుని, చివరి రెండింటినీ టేపుతో గట్టిగా కట్టేయండి. అవి ఇప్పుడు రెట్టింపు ద్రవ్యరాశి గల ఒకే వస్తువు. మొదటి బండి తగిలి దాదాపు మూడో వంతు వేగంతో వెనక్కి వస్తుంది. టేపు విప్పి, రెండు బండ్ల మధ్య వేలెడు సందు ఇచ్చి మళ్లీ తోస్తే, మొదటిది అక్కడే ఆగి చివరిది ఒక్కటే ముందుకు వెళుతుంది.